గేటు దగ్గర కెమెరాలు

ఉదయ్‌కుమార్ గాజువాక దగ్గర ఒక కంటైనర్ యార్డులో గేటు క్లర్కు. పోర్టు నుంచి వచ్చే లారీని ఆపి, కంటైనర్ నంబరు రాసుకుని, సొట్టలూ తుప్పూ చూసి లోపలికి వదలాలి. నలభై దాటాక ఆ ఎండా ఆ దుమ్మూ భరించలేక, ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ ఎమ్మెస్సీలో చేరాడు.

"ఈ వయసులో సదువేటండీ?" అని భార్య రాధ విసుక్కుంది గానీ, క్లాసులప్పుడు టీవీ కట్టేసేది.

క్లాసులు ఆదివారాలు. ఆ డ్యూటీలన్నీ తోటి క్లర్కు సన్యాసిరాజు నెత్తినేసుకున్నాడు.

"నువ్వెళ్లి సదువుకో బావా. గేటు నాను సూసుకుంతాను."

ఆఖర్న ప్రాజెక్టు చెయ్యాల్సి వచ్చింది. ఉదయ్‌కి బాగా తెలిసినవి కంటైనర్లే. ఫొటో చూసి నంబరు చదివి, సొట్టలు పట్టుకునే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. దానికి వేల ఫొటోలు కావాలి. సన్యాసిరాజు ప్రతి లారీ చుట్టూ తిరిగి తన ఫోన్లో తీసి పంపాడు.

డిగ్రీ వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు ఒకటి రెండు మాట్లాడాయి. అతని వయసు తెలిశాక మళ్లీ పలకలేదు. చివరికి యార్డు మేనేజరే పిలిచి ప్రోగ్రాం చూపించమన్నాడు. ఉదయ్ మురిసిపోతూ చూపించాడు. ఏసీ గదిలో కుర్చీ వేశారు, సిస్టమ్స్ ఆఫీసరన్నారు. రాధ వీధంతా స్వీట్లు పంచింది.

గేటుకు కెమెరాలు బిగించాక మేనేజరు మళ్లీ పిలిచాడు.

"ఇక గేటు క్లర్కులు అక్కర్లేదు. మీవాళ్లే కదా, మీరు చెప్తే బాగుంటుంది."

అక్కణ్నుంచి లేచి పోవాలనిపించింది ఉదయ్‌కి. ఎక్కడికి పోతాడు? మేనేజరిచ్చిన తొలగింపు కాగితాలు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లి, నీళ్లు నములుతూ చెప్పాడు.

సన్యాసిరాజు కెమెరా వైపు చూశాడు.

"అంటే, నాను తీసిన పొటోలే కదేటి బావా?"

ఉదయ్ కాగితం ముందుకు చాపాడు.

"ముందే సెప్పుంటే కొన్ని తప్పుగా తీద్దును కదా" అని నవ్వబోయాడు సన్యాసిరాజు. నవ్వు రాలేదు. కాగితం అందుకుని, "సంతకం ఎక్కడెట్టాలండీ?" అన్నాడు.

ఇన్నేళ్లలో అతను ఉదయ్‌ని 'అండీ' అనడం అదే మొదలు.

తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. రాధ అడిగితే, తగరపువలసలో ఏదో పని చూసుకున్నాడని చెప్తాడు ఉదయ్. నిజానికి అతనెక్కడున్నాడో ఉదయ్‌కి తెలీదు.