సేవలు అందుతున్నాయి, అధ్యక్షా

అసెంబ్లీ నడిచే రోజుల్లో పత్రిక డెస్కులో నా పని ప్రశ్నోత్తరాలతో మొదలయ్యేది. సభ్యులు అడిగే ప్రశ్నల్లో మన వైపు ఊరి పేరు ఎక్కడైనా ఉందా అని చూడాలి. ఉంటే మంత్రి జవాబును కుదించి కరీంనగర్ పేజీకో ఆదిలాబాద్ పేజీకో పంపాలి. చెరువు తూము, హాస్టల్లో అన్నం, ఆగిపోయిన పింఛను, డాక్టరు లేని ఆసుపత్రి. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ ప్రశ్నలు పెద్దగా మారలేదు. జవాబులు అసలే మారలేదు.

ఆ జవాబు ఎక్కడ పుడుతుందో చాలామంది పాఠకులకు తెలియదు. ప్రశ్న హైదరాబాదులో బయల్దేరి శాఖకు, శాఖ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఏ ఆఫీసు గురించి అడిగారో ఆ ఆఫీసుకే వస్తుంది. అక్కడి అధికారి జవాబు రాసి పంపుతాడు. అందులో కుట్రేమీ లేదు, ఇంకెవరికి తెలుస్తుంది గనక! కాకపోతే అది పైకి వెళ్తున్నకొద్దీ ఒక్కో మెట్టు దగ్గర కొంచెం చిక్కిపోతుంది. కింద పేజీడు రాసింది సభలో ఒక వాక్యమై వినిపిస్తుంది. ఆ వాక్యం ఒకసారి సభలో పలికాక, మళ్లీ అదే దారిన కిందికి దిగి ఊరికి చేరుతుంది. ఈ రెండో ప్రయాణం గురించి ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను ఎన్నడూ రాయలేదు. రిటైరయ్యాక, కరీంనగర్‌లో మా ఇంటి ముందు గదిలో కూర్చుని చూశాను.

అన్న, వదిన అని నేను పిలిచేది రక్త సంబంధీకులను కాదు. చెన్నూరు పోయే దారిలో ఉన్న మా ఊళ్లో మా వాడకట్టు వాళ్లే. మిషన్ చర్చికి చెందిన కుటుంబం. అన్న పంచాయతీలో నల్లా విడిచే పని చేసేవాడు. పొద్దున్నే భుజాన వాల్వులు తిప్పే పొడవాటి ఇనుప చావి వేసుకుని, ఏ వాడకు ఎప్పుడు నీళ్లు వదలాలో చూసుకుంటూ ఊరంతా తిరిగేవాడు. ఊరందరికీ నీళ్లు పంచిన మనిషికి రెండు కిడ్నీలూ పోయాయి. గొంతు తడుపుకోవడానికి తప్ప నీళ్లు తాగొద్దన్నారు డాక్టర్లు.

దగ్గరి కేంద్రాల్లో ఖాళీ లేక కరీంనగర్ ఆసుపత్రిలో డయాలసిస్‌కు సీటు దొరికింది. సీటు అంటే వారంలో ఫలానా రోజులు, ఫలానా పూట, ఆ మిషన్ ఆయనది. అది దొరకడానికి వాళ్లు చాలా కాలం తిరిగారు. రోజు విడిచి రోజు మొదటి బస్సుకు వచ్చి, మధ్యాహ్నం దాకా మిషన్ మీద ఉండి, మా ఇంటికొచ్చి తిని, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం బస్సుకు పోయేవాళ్లు. కిడ్నీ రోగికి కూరగాయలను చిన్నగా తరిగి ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండాలని మా ఆవిడ వదిన దగ్గరే నేర్చుకుంది. ఆ కూరకు ఏ రుచీ ఉండేది కాదు. అన్న మాత్రం మెచ్చుకుంటూ తినేవాడు.

"ఆడిదని దీనికి బస్సు ఫ్రీ, రోగమని నాకు ఫ్రీ. సర్కారు సొమ్మంత మా మొగుడు పెండ్లాలమే తింటున్నం తమ్మీ," అని నవ్వేవాడు.

"తిన్నది అరగక గిట్లయిండు మీ అన్న," అనేది వదిన, ఆయన నోట్లో చిన్న మంచు ముక్క పెడుతూ. ఆ మంచు ముక్కే ఆయన మధ్యాహ్నం దాహం.

అయితే మా ఊరి ఆసుపత్రిలో కూడా డయాలసిస్ కేంద్రం ఉంది. రిబ్బన్ కత్తిరించి ప్రారంభించారు కూడా. కొద్ది రోజులు నడిచాక నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు చెడిపోయింది. ఆ నీళ్లు లేకుండా మిషన్ పనిచేయదు. తాళం వేశారు. ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో మిషన్లు పెట్టుకుని, అన్న రోజు విడిచి రోజు కరీంనగర్‌కు బస్సెక్కేవాడు. ఆ ప్రయాణమే ఆయనను అరగదీస్తోందని మిషన్ దగ్గరి టెక్నీషియన్ కూడా అన్నాడు. దిగేటప్పటికి కాళ్లు వణికేవి. తిరుగు ప్రయాణంలో వాంతులు.

వదిన ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళకు లేచి నిలబడేది. ఒకరు కొడుకు ఉద్యోగం కోసం, ఒకరు కోడలి కాన్పు కోసం అడుగుతుంటే, వదిన మా ఊరి కేంద్రం తెరుచుకోవాలని అడిగేది. ఆదివారం దేవుణ్ణి, మిగతా రోజుల్లో ఎమ్మెల్యేను. ఆయన ఏ పెళ్లికి వచ్చినా పందిరి గుంజ దగ్గర కాచుకునేది. చివరికి ఆయన విసుక్కోకుండానే, "సరే అవ్వా, అసెంబ్లీల అడుగుత," అన్నాడు. అన్నట్టే అడిగాడు. అంతవరకు ఆయనను తప్పు పట్టను.

ఆ రోజు నేను టీవీలో చూడలేదు. సభ వాక్యం నాకు తర్వాత తెలిసింది. "సదరు పట్టణంలో డయాలసిస్ కేంద్రం ఏర్పాటు చేయడమైనది. యంత్రాలు ఉన్నాయి. రోగులకు సేవలు అందుతున్నాయి, అధ్యక్షా." మా ఎమ్మెల్యే లేచి మంత్రికి ధన్యవాదాలు చెప్పి, తనకున్న అనుబంధ ప్రశ్న అవకాశంతో బైపాస్ రోడ్డు సంగతి అడిగాడు.

ఆ ముక్క వీడియో సాయంత్రానికి మా ఊరి ఫోన్లన్నింటిలోకి వచ్చింది. అది విని వదిన ఏమనుకోవాలి? మంత్రి, అంత పెద్ద సభలో, అందరి ముందు, తమ ఊరి సంగతి ఎత్తి, కేంద్రం నడుస్తుందన్నాడు. నడవమని హుకుం ఇచ్చాడనే అనుకుంది. చర్చిలో అందరూ అలాగే అనుకున్నారు. వాళ్ల ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. పాస్టరయ్య బైబిల్ వాక్యం చెప్పాడు. చాయ, బూందీ పంచారు.

ఇవన్నీ నాకు వాళ్లు తర్వాతి సారి కరీంనగర్ వచ్చినప్పుడు తెలిశాయి. ఆ మధ్యాహ్నం వదిన సంచిలోంచి బూందీ పొట్లం తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇగ మీకు మా పీడ పోయింది చెల్లె. రేపటి సంది మా ఊర్లనే."

"తెరిచిండ్రా వదినా? చూసినవా?" అన్నాను.

"మంత్రే చెప్పిండు తమ్మీ, నేను చూసుడేంది! పేపర్ల చేసి చేసి నీకు ఏదీ నమ్మబుద్ది కాదు."

"సరే, ఇక్కడి సీటు మాత్రం ఉంచుకోండ్రి. నాల్గు రోజులు చూసి..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సీటు అప్పటికే ఇచ్చేసి వచ్చారు.

వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. కోరింది జరిగితే నోటితో కృతజ్ఞత చెబితే సరిపోదు, చేతిలోంచి ఏదో ఒకటి అర్పణగా పోవాలి. పంట వచ్చినవాడు వడ్లు తెస్తాడు, ఇంకొకరు కోడిని తెస్తారు, గుమ్మడికాయ తెస్తారు. వదిన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. బెల్లంపల్లి నుంచి ఒక యువతి కొన్నాళ్లుగా ఆసుపత్రి వరండాలో కూర్చునేది. పెళ్లయి ఎంతో కాలం కాలేదు. ఎవరైనా రాకపోతే ఆ పూట ఆమెకు మిషన్ ఇచ్చేవాళ్లు, అందరూ వస్తే తిరిగి పోయేది. వదిన ఆ పొద్దున టెక్నీషియన్ దగ్గరికి పోయి, మా సీటు ఈ బిడ్డకు రాయి అయ్యా, అని చెప్పి, ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి నిలబెట్టింది. దేవునికిచ్చిన అర్పణ అది.

"ఆ పిల్ల ఏడ్సింది తమ్మీ. నా కాళ్లు మొక్కవోయింది," అంది వదిన, సంతోషంగా.

నేను ఆ పొట్లం విప్పి బూందీ తిన్నాను.

తర్వాతి రోజు మా ఊరి కేంద్రానికి తాళమే ఉంది. ఆ తర్వాత కూడా. తిరిగి కరీంనగర్ వస్తే, టెక్నీషియన్ తల పట్టుకున్నాడు. సీటు నిండింది. మళ్లీ వరుసలో పేరు రాయించుకోవాలి, అందులో సొంత ఊళ్లో కేంద్రం లేనివాళ్లకే ముందు. "మీ ఊర్ల ఉన్నదని మంత్రే చెప్పె గదా పెద్దాయనా. నడుస్తలేదని అక్కడి సార్‌తోటి కాగితం తెండ్రి, మిమ్ముల పైకి తెస్త," అన్నాడు.

"ఆ పిల్లనే జర అడిగి చూద్దామా?" అన్నాను అన్నతో, వరండాలో.

"ఏమని? ఇచ్చినం, ఇగ గుంజుకుంటం అనా?" అన్నాడాయన. మొహం అప్పటికే ఉబ్బింది. "ఊకో తమ్మీ. ఇంకో మాట చెప్పు."

కాగితం కోసం వదినతో నేనూ మా ఊరి ఆసుపత్రికి వెళ్లాను. సూపరింటెండెంటు కూర్చోబెట్టి చాయ తెప్పించాడు. చెడ్డవాడయితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"సార్, మీకు తెల్వనిది కాదు," అన్నాడు నాతో. "నడుస్తలేదని ఇప్పుడు నేను రాసిస్తే, మంత్రిగారు సభల తప్పు చెప్పినట్టయితది. ఆ కాగితం ఎవరి చేతికన్న పోతే పైనుంచి కిందిదాక అందరం పరేషాన్."

"జవాబు పంపింది మీరే గదా?"

"నేనే. యంత్రాలున్నయి అని రాసిన. కింద, నీళ్ల ప్లాంటు మరమ్మతు కావాలె, అది అయితేనే నడుస్తది అని గూడ రాసిన. పైకి పోయేసరికి ఆ ముక్క మిగలలే." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "మరమ్మతుకు మళ్ల రాద్దామంటే, నడుస్తున్నదానికి మరమ్మతేంది అని అడుగుతున్నరు. జవాబు రాకముందే నయం ఉండె."

"మరి మా ఆయన సంగతేంది సారూ?" అంది వదిన.

ఆయన లేచి తాళంచెవి తీసుకున్నాడు. ఎందుకు చూపించాలనుకున్నాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. బహుశా తాను రాసిన దాంట్లో అబద్ధం లేదని నిరూపించుకోవాలని కావచ్చు. తలుపు తెరిచాడు. మంచాలు వరుసగా ఉన్నాయి. ఒక మిషన్‌కు ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. వదిన లోపలికి పోయి, మొదటి మంచం మీద దుమ్మును కొంగుతో తుడిచింది. అంతా తుడిచి, చేత్తో ఒకసారి నొక్కి చూసింది. మెత్తగా ఉంది కాబోలు. మేము బయటికి వచ్చాం. తర్వాత ఆయన తాళం వేశాడు.

ఎమ్మెల్యే ఫోన్లో దొరికాడు. మళ్లీ ప్రశ్న వేయాలంటే వచ్చే సమావేశాల్లోనే అన్నాడు. పత్రికలో వార్త వచ్చేలా నేను చూశాను. లోపలి పేజీలో వచ్చింది. దాని కింద అధికారుల వివరణ కూడా వేశారు: సేవలు అందుతున్నాయని సభలోనే స్పష్టం చేశారు. వేయాల్సిందే, అది మా వృత్తి పద్ధతి. నేనున్నా వేసేవాణ్ణి.

అన్న ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి పోయాడు. ఒకసారి ప్రైవేటులో, ఒకసారి వేరే జిల్లాలో. కొన్నిసార్లు కరీంనగర్ వరండాలో, బెల్లంపల్లి పిల్ల కూర్చున్న చోటే, ఎవరైనా రాకపోతారా అని కాచుకుని కూర్చున్నాడు. ఎవరో రాకూడదని మనసులో అనుకోవలసి వచ్చేసరికి ఆయనకు ఆ చోటు నచ్చలేదు. "ఎవని చావో కోరుకున్నట్టున్నది తమ్మీ," అన్నాడు. తర్వాత రావడం తగ్గించాడు.

చివరిసారి మా ఊరికి వెళ్లి చూసినప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒంటినిండా నీరు. వీధి నల్లా వచ్చింది, ఆడవాళ్లు బిందెలు పెడుతున్నారు. "ఎత్తుగడ్డ వాడకు తక్కువ పోతున్నయి నీళ్లు. వాల్వు సగమే తిప్పిండు వాడు," అన్నాడు, తన తర్వాత ఆ పనిలో చేరిన వ్యక్తి గురించి. నేను అవునన్నాను. ఆ వర్షాకాలం ఆయన దాటలేదు.

వదిన ఇప్పటికీ కరీంనగర్ వస్తుంది. ఉడికించి నీళ్లు వంపేసిన కూర డబ్బాలో పెట్టుకుని, ఆ బెల్లంపల్లి పిల్ల మిషన్ మీద ఉండే రోజున వచ్చి తినిపించి పోతుంది. అన్న పోయిన సంగతి ఆ పిల్లకు తెలుసు. సీటు ఇచ్చాక ఆయనకు మళ్లీ సీటు దొరకలేదన్న సంగతి మాత్రం వదిన చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

మొన్న అలాగే వచ్చింది. ఆసుపత్రికి పోయే ముందు మా ఇంట్లో చాయ తాగుతోంది. టీవీలో అసెంబ్లీ నడుస్తోంది, పాత అలవాటు కొద్దీ పెట్టుకున్నాను. ఇంకో జిల్లా, ఇంకో ఊరు, అక్కడి కేంద్రం గురించి ఎవరో సభ్యుడు అడిగాడు. మంత్రి లేచాడు. యంత్రాలు ఉన్నాయన్నాడు. సేవలు అందుతున్నాయి, అధ్యక్షా, అన్నాడు.

వదిన గ్లాసు కింద పెట్టింది.

"తమ్మీ, ఆ ఊర్ల నీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఎందుకు వదినా?"

"ఫోన్ చెయ్యి. వేరే ఊరికి పోయేటోళ్లు ఉంటరు. సీటు ఇడిచిపెట్టకుండ్రి అని చెప్పు."

ఆ జిల్లాలో నాతో పనిచేసిన ఒక రిపోర్టరు ఉన్నాడు. ఆమె ఎదురుగానే ఫోన్ చేశాను. విషయం చెప్పాను. అతను సగమే విన్నాడు. "చూసిన అన్నా, మంత్రి జవాబు మంచిగొచ్చింది. రేపు పేజీల పైన వేస్తున్నం. సేవలు అందుతున్నాయి అనే హెడ్డింగ్," అన్నాడు.

ఫోన్ పెట్టేసేసరికి వదిన నా వైపే చూస్తోంది.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"పేపర్ల రాస్తనన్నడు," అన్నాను.

ఆమె తల ఊపి, కొంగు సర్దుకుని, కూర డబ్బా తీసుకుంది. ఆ పిల్లకు ఆకలవుతుందని లేచి వెళ్లిపోయింది.