తువ్వాల తడిస్తే బండి ఆపు

పోయిన వర్షాకాలంలో నా ఫోర్‌వీల్ బండి ప్రాణం నేనే తీశాను. నీళ్లలో ఆగిపోయిన ఇంజనుకు బుద్ధిలేక మళ్లీ తాళం తిప్పాను. లోపల చేరిన నీళ్లకు ఇంజను రాడ్డు వంగి, బండి మూడు నెలలు షెడ్డులో పడుంది. ఈ ఆదివారం మళ్లీ బురదలోకి దిగానంటే కారణం ఇబ్రహీంపట్నం మార్కెట్‌లో నాకు చేపలమ్మే యాదమ్మక్క. తోటివాళ్లతో కలిసి ఊరి బయట ఒక కుంట కౌలుకు పట్టింది. చేపపిల్లల్ని తెచ్చే వ్యాను మట్టిదారి దిగనంటుంది. "నీ ఎత్తు బండి కుంటదాంక పోతదా తమ్మీ?" అనడిగింది. "ఎందుకు పోదక్కా!" అనేశాను. నోరు ఊరుకోదుగా.

ఎల్బీనగర్‌లో ఏడింటికి బయలుదేరి, సాగర్ రోడ్డు మీద బొంగులూరు దాటి ముప్పావుగంటలో చేరాను. రానూపోనూ డీజిల్ ఆరు వందలైంది. బస్ డిపో ఎదుట నలభై రూపాయల ఇడ్లీ తిన్నాక కూడా వ్యాను రాలేదు. తొమ్మిదికి వచ్చింది. ఆక్సిజన్ నింపి మూతి బిగించిన పన్నెండు చేపపిల్లల సంచులు నా బండిలోకి ఎక్కించాం. పదకొండులోపు కుంటలో వదలకపోతే పిల్లలు చస్తాయి, యాదమ్మక్కకు ఈ ఏడాది పంట ఉండదు.

మట్టిదారి మీద వాననీళ్లు నిలిచిన చోట, అంచున బానెట్ ఎత్తి అరగంట ఆగాను. వేడి మీదున్న గేర్‌బాక్సు చన్నీళ్లలో మునిగితే నీళ్లను లోపలికి లాక్కుంటుంది. ఆలస్యానికి తిడుతుందేమో అనుకున్నాను.

"మేం సుత గంతే," అంది యాదమ్మక్క. "పిల్లలను ఒక్కపారే కుమ్మరియ్యం. సంచిని నీళ్లమీద తేలేసి, లోపలి నీళ్లు బయటి నీళ్లు ఒక్కతీరైనంకనే మూతి ఇప్పుతం. మరి నీ ఇంజను గాలి ఏడికెల్లి పీలుస్తది?"

గాలి పీల్చే గొట్టం చూపించాను. బండి పక్కన నిలబడి, ఆ గొట్టం నోటికి జానెడు కిందికొచ్చేలా ఒంటికి తువ్వాల చుట్టుకుంది. "నేను ముందట నడుస్త. ఇది తడిస్తే ఆపు."

ఫోర్‌వీల్ వేసి, ఫస్ట్ గేర్‌లో, క్లచ్ ముట్టకుండా ఆమె వెనకే పోయాను. కుంట గట్టు ఇరవై అడుగుల దూరంలో ఉందనగా యాదమ్మక్క ఉన్నట్టుండి గుండెల దాకా దిగబడింది. తువ్వాల తడిసింది. చెయ్యెత్తింది. టైము పదింబావు.

"ఇంకెంత అక్కా, గదే గట్టు! ఒక్క ఊపుల లాగేస్త, జరగు!"

ఆమె జరగలేదు. "నా చేపలు నాకు ముద్దే తమ్మీ. నీ బండి నీకు ముద్దు గాదా? ఎనకకు తియ్యి."

చచ్చేంత సిగ్గేసింది. మెల్లగా వెనక్కి తీసి గట్టి నేల మీద ఆపాను. ఇక సంచులు మోయడమే అనుకుంటే, "గాలి సంచులకు మోతెందుకు?" అంటూ వాటిని నీళ్ల మీద వదిలి తోసుకుపోయింది. నేనూ దిగాను. కుంట చేరేసరికి పిల్లలున్న నీళ్లూ చల్లబడ్డాయి. మూతులు విప్పగానే గుంపులుగా ఈదుకుపోయాయి. యాదమ్మక్క నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే పొడిగా ఉంది. ఇంజన్ ఆయిల్ కడ్డీ తీశాను, నూనె పాలలా తెల్లబడలేదు, అంటే నీళ్లు చేరలేదు. మీరు ఇటు వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: నీళ్లలో బండి ఆగిపోతే తాళం ముట్టుకోకుండా బయటికి లాగించండి. పోయినేడు నా బండి ఆగిపోయిన నీళ్ల అంచున చూస్తూ నిలబడ్డవాళ్లు పదిమంది. లోతెంత అని నేను ఒక్కరినీ అడగలేదు.