తిత్తి తియ్యాల

మొదటి వాయిస్ మెసేజ్ వచ్చినప్పుడు మలేసియాలో, సైబర్‌జయలోని మా ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని నూడుల్స్ తింటున్నాను. పంపింది పోర్ట్ క్లాంగ్‌లో ఉండే ఒక పెద్దాయన. పక్షవాతం వచ్చి ఏడాదైంది. ఎడమ చెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తుంది. ఆయన కోసం నేను కంప్యూటర్లో ఒక హార్మోనియం పాట తయారుచేసి పంపాను. దానికి జవాబు రెండే రెండు మాటలు.

"తిత్తి తియ్యాల."

చెంచా కింద పెట్టేశాను. కాకినాడలో మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. మార్కులు తగ్గిన రోజున మా నాన్న "నీ తిత్తి తీస్తాను" అనేవాడు, అన్నంత పనీ చేసేవాడు. పాట నచ్చకపోతే నచ్చలేదనాలి గానీ, ముఖమైనా చూడని మనిషి నా తోలు ఊడదీయాలనడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఈ పని నా నెత్తిన పెట్టింది ఆయన భార్య. కౌలాలంపూర్‌లో తెలుగువాళ్ల ఉగాది భోజనాల దగ్గర నా పక్కన కూర్చుంది. వాళ్ల ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రబ్బరు తోటల్లోకి వచ్చినవాళ్లు, నేనేమో మూడేళ్ల కిందట ఉద్యోగానికి వచ్చినదాన్ని. ఆంటీ అంటే ఒప్పుకోలేదు, అత్తా అని పిలవమంది. ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలిస్తుంది. ఇంట్లో చిన్న కీబోర్డు పెట్టుకుని పాటలు రికార్డు చేస్తుంటానని నేను గొప్పకి పోయి చెప్పాను. ఆమె వెంటనే అడిగింది.

"అయితే నీ కంప్యూటర్ల పెట్టి ఉన్నాదా?"

ఏ పెట్టె అని తెల్లబోయాను. వాళ్ల భాషలో పెట్టి అంటే హార్మోనియం. ఆమె అత్తగారు నేర్పిన హారతిపాట ఒకటి ఉందట. ఏ పుస్తకంలోనూ లేదు. ప్రతి శ్రీరామనవమికీ గుడిలో ఆయన వాయిస్తే ఆమె పాడేది. చెయ్యి పడిపోయినప్పటి నుంచి పెట్టె మూతపడింది.

"నాను పాట ఎత్తుకుంటే సాలు, లేసి వరండాలోకి ఎల్లిపోతన్నాడు. కాలు ఈడ్సుకుంటా ఎల్తాడు. పెట్టి సౌండ్ ఇంటే కూకుంటాడేమో లా."

ఆ మాట అన్నప్పుడు ఆమె విస్తరి వైపే చూస్తోంది. అదెంత పని అత్తా, ఒక్క శనివారం చాలు అన్నాను. నా నోటికి ముందే తాళం వేసుకోవలసింది.

వరస ఆమె ఫోనులో పాడి పంపింది. నేను మిడిలో పెట్టాను. మిడి అంటే శబ్దం కాదు, ఒక చీటీ లాంటిది. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, అంతే రాసి ఉంటుంది. ఆ చీటీ చదివి పలికేది వేరే సాఫ్ట్‌వేర్. అసలైన హార్మోనియం స్వరాలను ఒక్కొక్కటిగా రికార్డు చేసి అందులో దాచి ఉంచుతారు. నేను మౌసుతో స్వరాలన్నీ తెర మీది గళ్లలో పేర్చాను. ఒక్క తప్పు లేదు. వింటే మాత్రం లిఫ్టు తలుపు తెరుచుకునే ముందు మోగే మోతలా ఉంది. అయినా పంపాను, తిట్టు తిన్నాను.

రోషం వచ్చింది. ఆ వారమంతా ఆఫీసు నుంచి రాగానే అదే పని. ఇంటర్నెట్‌లో ఒకరు స్వరాలను గళ్ల నుంచి కొంచెం అటూ ఇటూ జరపమన్నారు. ఇంకొకరు జరిపితే పాడవుతుంది, గది ప్రతిధ్వని కలపమన్నారు. సాఫ్ట్‌వేర్లో మనిషితనం తెచ్చే బొత్తాం ఒకటి ఉంది, నొక్కితే స్వరాలు తాగినవాడి అడుగుల్లా తడబడ్డాయి. నొక్కే బలాన్ని ఒక్కో స్వరానికి ఒక్కోలా మార్చాను. పియానోకైతే దానితో పెద్దా చిన్నా తేడా వస్తుంది. హార్మోనియంకి ఏ తేడా రాలేదు. పాడైందేమో అనుకుని మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. అప్పటికీ అంతే. చెవి నాదే పోయిందో, పాట పోయిందో తెలియలేదు. రెండోది పంపాను.

"తిత్తి తియ్యాల. బాగా తియ్యాల."

మూడోదానికి ఇంకా వింత జవాబు వచ్చింది. "తిత్తి ఎవురు తీస్తారు?"

తన చెయ్యి పనిచేయదు కాబట్టి నన్ను కొట్టడానికి ఎవరినో వెతుకుతున్నాడా అనిపించింది. ఉచితంగా చాకిరీ చేస్తున్నదాన్ని నేను. కోపం నషాళానికంటింది. అత్తకు ఫోన్ చేశాను. ఆ మాట పెద్దావిడ ముందు అనడానికి నోరు రాక, మామయ్యగారికి నా మీద కోపంగా ఉందా అని మాత్రం అడిగాను.

"కోపమేటి? నీ పాట నిన్నంతా ఇన్నాడు. వరండాలో కూకునే ఇన్నాడు. ఓపాలి వొచ్చి ఎల్లరాదా?"

అంత కోపమున్నవాడు రోజంతా ఎందుకు విన్నాడు? ఆ శనివారం పొద్దున్నే లాప్‌టాపూ కీబోర్డూ కారులో పడేసుకుని బయలుదేరాను. కంటైనర్ లారీల వెనక దుమ్ము తింటూ పోతున్నంతసేపూ, ఆయనతో మర్యాదగా ఎలా పోట్లాడాలా అనే ఆలోచించాను.

ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఓడరేవు గోదాముల్లో మూటలు మోసిన మనిషి, భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంది. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వుతో నా పోట్లాట సగం చచ్చింది. మిగిలిన సగంతోనే అడిగాను.

"మామయ్యగారూ, నేనేం తప్పు చేశానని నా తిత్తి తియ్యాలంటున్నారు?"

ఆయన అత్త వైపు చూశాడు. అత్త నా వైపు చూసింది. తర్వాత ఆమె గోడకి ఆనుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"నీది కాదమ్మా, పెట్టిది. పెట్టికి ఎనకమాల గాలి కొట్టే రెక్క ఉంతాది కదా, దాన్నే తిత్తి అంతాం. కుడిసేత్తో వాయించాల, ఎడంసేత్తో తిత్తి తియ్యాల. నీ పాటల గాలి నేదంతన్నాడు."

కొలిమి తిత్తి అన్న మాట నాకూ తెలుసు. తెలిసీ మూడు వారాలు ఒక ముసలాయన్ని రౌడీగా ఊహించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

లోపల బల్ల మీద సామాను పరిచాను. నా కీబోర్డుకు ఎడమ చివర చిన్న చక్రం ఒకటి ఉంది. దానికి దుమ్ము పట్టి ఉంది, స్వరాన్ని వణికించడానికే అనుకుని నేనెప్పుడూ ముట్టలేదు. ఇప్పుడు ఒక మెట్టు నొక్కి పట్టి దాన్ని నెమ్మదిగా పైకి తోశాను. హార్మోనియం శబ్దం ఉబ్బింది. కిందికి లాగాను, అణిగింది. గాలి ఈ చక్రంలో ఉంటే నేను మూడు వారాలు మెట్లలో వెతికాను.

ఆయన లేచి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కుడిచెయ్యి మెట్ల మీద పెట్టాడు. చూపు చక్రం మీద ఉంది. ఒళ్లోని చెయ్యి కదలలేదు.

"నాను తిప్పనా?" అంది అత్త.

ఎడమవైపు పీట వేసుకుని ఒక్క వేలితో చక్రం పట్టుకుంది. మొదట అడ్డదిడ్డంగా తిప్పింది, శబ్దం కేకలు పెట్టింది. ఆయన ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఆమె సన్నగా పాడుతూ తిప్పింది. తను ఊపిరి తీసుకునే చోట చక్రం దానంతటదే దిగింది. నేను మూడు వారాలు కుస్తీ పట్టినా రానిది వచ్చింది. నేను రికార్డు బొత్తాం నొక్కలేదు. మర్చిపోయానో ఏమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

పాట ముగిశాక నా కళ్లు మూలకు పోయాయి. అక్కడ పీట మీద అసలు పెట్టె ఉంది, ఎర్రగుడ్డ కప్పి, గుడ్డ మీద కుంకుమ బొట్టు పెట్టి. నాకు మళ్లీ అయోమయం.

"అత్తా, ఈ చక్రం తిప్పినట్టే ఆ పెట్టెకి మీరే తిత్తి తియ్యచ్చు కదా?"

"అది మాయత్త పెట్టి. దేవుడి పెట్టి. వాయించేవోల్లు తప్ప ఇంకెవురూ ముట్టకూడదనేది. నాను సుక్రారం బొట్టు పెడతాను, అంతే."

"ముట్టు," అన్నాడు ఆయన.

ఆమె కదల్లేదు. "ఏడాదినుండి ఇక్కడే ఉన్నాను కదా నాను. ఓపాలి అడగనేదేటి?"

ఆయన వేలు పైకెత్తి నా చేతిలోని ఫోన్ చూపించాడు. తిత్తి ఎవురు తీస్తారు. ఆయన అడగనే అడిగాడు, నాకు పంపిన మూడో మెసేజ్‌లో. నన్ను కొట్టడానికి మనిషిని వెతుకుతున్నాడనుకున్న ఆ మాట నేను ఎవరికీ చెప్పకుండా దాచేశాను. కోపంతో దాచేశాను. ఇప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టి ఆమెకు వినిపించాను. ఆమె రెండుసార్లు వింది.

తర్వాత చేతులు కడుక్కుని వచ్చి గుడ్డ తీసింది. పెట్టెను ఆయన ముందు పెట్టి, వెనక వైపు తను నేల మీద కూర్చుంది. రెక్క లాగితే ముందు బుస్సుమని గాలి కారింది, దుమ్ము లేచింది, తర్వాత స్వరం పలికింది. లాగడం, తొయ్యడం, ఆమె లోలోపల లెక్క పెట్టుకుంటోంది. ఆ లెక్కలో పడి పాడటం మర్చిపోయింది. పల్లవి ఎత్తుకోవలసిన చోటు వచ్చి దాటిపోబోయింది.

ఆయన ఎత్తుకున్నాడు. టీ కావాలన్న మాట కూడా ముక్కలుగా వచ్చే ఆ నోట్లోంచి పాట తిన్నగా వచ్చింది. అత్త తిత్తి ఆపకుండా, తల వంచుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. పాట అయిపోయాక కూడా ఆయన వరండాలోకి వెళ్లలేదు.