షామియానాలు ఆరేసిన జాగ

ఇప్పటికీ నా కలలో ఆ జాగ ఎర్రగానే కనిపిస్తుంది. అక్కడి మట్టి ఎర్రది కాదు. మామూలు బూడిదరంగు మట్టి, సగం రాళ్లు, సగం గాజుపెంకులు. ఎరుపంతా మా షామియానాలది. పెళ్లిలో వాన పడితే తెల్లవారి బాపు వాటిని తెచ్చి అక్కడ పరిచేవాడు. గాలికి గుడ్డ కాస్త లేవగానే నేను కిందికి దూరి వెల్లకిలా పడుకునేదాన్ని. ఎండ గుడ్డలోంచి వడకట్టుకుని నా మొహం మీద పడేది, ఎర్ర పట్టీ కింద ఎర్రగా, పసుపు పట్టీ కింద పసుపుగా. బహదూర్‌పురాలో మా గల్లీ జూకు దగ్గర. పొద్దున్నే సింహం గొంతు వినిపించేది. ఆ రంగుల కింద పడుకుని వింటే అది సింహమో, ఆకాశమే గొంతు సవరించుకుంటోందో తెలిసేది కాదు.

"లే బిడ్డా, తడిల పండుకుంటే సర్ది అయితది" అని బాపు పైనుంచి గుడ్డను తట్టేవాడు. నాకు ఆయన కనిపించేవాడు కాదు. చేతి నీడ ఒక్కటే కనిపించేది. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ కళ్లు మూసుకునేదాన్ని. మూసినా లోపల ఎర్రగానే ఉండేది.

మాది చిన్న టెంట్ హౌస్. షామియానాలు, ఇనుప పైపులు, తాళ్లు, కుర్చీలు, వంటకు పెద్ద గంజులు. పెళ్లయినా, దావతైనా, దినాలైనా గల్లీలో ముందు మా బాపుకే కబురొచ్చేది. "మనిషి పుట్టినా పోయినా నీడ కావాలె గద" అనేవాడు ఆయన. ఈ పనిలో గుడ్డే ప్రాణం. తడిగుడ్డను మడిచి పెడితే ముక్కిపోతుంది, నల్లమచ్చలు పడతాయి, ఆ తర్వాత ఊరికే లాగినా చిరుగుతుంది. కుట్టుమిషన్ మీద అతుకులు వేసేది నేనే కాబట్టి ఆ సంగతి నా వేళ్లకు బాగా తెలుసు. అంత పెద్ద గుడ్డ ఆరాలంటే దాబా చాలదు. మా దాబాల మీద బనీన్లు ఆరితే గొప్ప. మైదానం కావాలి. ఆ మైదానం లేకపోతే మా బాపుకు పని లేదు. ఈ ముక్క మా ఇంట్లో ఎవరూ ఏనాడూ పైకి అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు.

ఒకప్పుడు అక్కడ ఏదో సర్కారీ గోదాం ఉండేదట. నేను పుట్టేసరికే అది కూలిపోయింది. గేటు స్తంభం ఒకటి మాత్రం మిగిలింది, దేన్ని కాపలా కాస్తోందో తనకే తెలియనట్టు నిలబడి. దాని పక్కనే చాయ్ బండి. నాన్న నుంచి కొడుక్కు వచ్చిన బండి అది. ఆ కొడుకునే మేమంతా చాయ్ భాయ్ అంటాం. మిగతా జాగలో మేకలు, క్రికెట్, మా షామియానాలు. సర్కారీ జాగ అంటే మా దృష్టిలో ఎవరిదీ కానిది, కాబట్టి అందరిదీ. ఇది చట్టం కాదని నాకూ తెలుసు. కానీ మేం అట్లాగే బతికాం.

పోయినేడాది కబురు తెలిసింది. ఊళ్లో ఊరికే పడి ఉన్న సర్కారు జాగలు కొన్ని బల్దియాకు అప్పగిస్తున్నారని, అందులో మాదీ ఉందని. బల్దియా అంటే మున్సిపాలిటీ. పాతబస్తీలో పెద్దవాళ్ల నోట్లో ఇంకో మాట తిరగదు.

"సర్కారు చేతిల కెల్లి బల్దియా చేతిలకు పోతే మనకేంది? ఇద్దరికిద్దరు మన మొహం చూసెటోళ్లు కాదు" అంది అమ్మ.

బాపు మాత్రం సంబరపడ్డాడు. "బల్దియోళ్లు వస్తే గా పెంకులన్న ఏరిపిస్తరు. గుడ్డ చినగది" అన్నాడు.

నాకు ఆ రోజుల్లో ఆ భూమిని చూస్తే ఒక విచిత్రమైన జాలి కలిగేది. పెళ్లింట్లో నిద్రపోయిన పిల్లను ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదికి మారుస్తారు చూడండి, లేపకుండా, మెల్లగా, అట్లా అనిపించేది. చేతులు మారుతున్న సంగతి ఆ మట్టికి తెలియదు. మేకలు మేస్తూనే ఉన్నాయి. నేను కిటికీ దగ్గర జాకెట్లు కుడుతూ, మధ్యలో మిషన్ ఆపి, ఆ జాగనే చూస్తూ కూచునేదాన్ని. ఎంతసేపు చూసేదాన్నో, అమ్మ వచ్చి "కలలు కంటున్నవా, బట్టలు కుడుతున్నవా?" అని దెప్పితే గాని తెలిసేది కాదు.

అప్పగింత రోజున తహసీల్ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి, కొలిచేవాళ్లు, బల్దియా నుంచి ఇంజనీర్ మేడమ్ వచ్చారు. వాళ్లకు కుర్చీలు ఎవరు వేశారనుకున్నారు? మా బాపే. గల్లీలో నలుగురు నిలబడితే చాలు, ఆయన చేతులు కుర్చీల కోసం పోతాయి. పంచనామా రాస్తాం, స్థానికుల సాక్ష్యం కావాలి అన్నారు. బాపు ఇంట్లోకి పరుగెత్తి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. సర్కారు తనను సాక్షిగా పిలిచిందని ఆయన మొహం వెలిగిపోయింది. ముందురోజు వానకు తడిసిన షామియానా ఒకటి ఆ వేళ కూడా వెనకాల ఆరుతూనే ఉంది.

తహసీల్ పెద్దమనిషి కలం తీసి అడిగాడు. "ఈ జాగ ఇప్పుడు ఎవరి కబ్జాల ఉంది?"

ఇక్కడే వచ్చింది తంటా అంతా. తహసీల్ ఆఫీసుల్లో ఉర్దూ కాలం నుంచి కబ్జా అంటే ఎవరి చేతిలో ఉంది, ఎవరు వాడుకుంటున్నారు అనే. అందులో మంచీ లేదు, చెడూ లేదు. కానీ మా బాపు తెలుగు పేపరు చదివే మనిషి. మంగలి షాపులో రోజూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలడు. పేపర్లో కబ్జా అంటే గూండాలు, రౌడీలు, చెరువులు మింగినవాళ్లు.

చాయ్ భాయ్‌కి ఆ చిక్కు లేదు. చాయ్ వడపోస్తూనే, తల ఎత్తకుండా, "కోనే పే మేరా కబ్జా హై సాబ్. అబ్బా కే జమానే సే" అన్నాడు. ఆ మూల నాన్న కాలం నుంచీ అతని కబ్జాలో ఉందని పెద్దమనిషి తల ఊపి రాసుకున్నాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు, మా బాపు తప్ప. ఆయన భాయ్ వైపు నోరు తెరిచి చూశాడు.

"మరి మిగిలిన జాగ?"

బాపు కుర్చీలోంచి లేచాడు. "ఛీ ఛీ, కబ్జా ఎవలు జేస్తరు సార్? ఇది ఇజ్జత్ గల్ల గల్లీ. సర్కారు జాగ సర్కారుదే. ఎవ్వల కబ్జాల లేదు, మొత్తం ఖాళీ."

అంటూనే నా వైపు కళ్లతో సైగ చేశాడు. ఆ సైగ నాకు అర్థమైంది. అమ్మా నేనూ చెరో కొస పట్టుకుని, ఆయన వీపు వెనక, తడి షామియానాను గబగబా ఈడ్చేశాం. దొంగసొత్తు దాచినట్టు. గుడ్డ కింద నేల మాత్రం తడిగా, దాని ఆకారంలోనే మిగిలింది. ఎవరైనా తల తిప్పి చూస్తే తెలిసిపోయేది. ఎవరూ చూడలేదు. ఖాళీ అని రాసుకున్నారు. బాపు కింద గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి, కుర్చీలు తానే మడిచి పెట్టాడు.

కొన్ని వారాలకు ఇంజనీర్ మేడమ్ ప్లాను గీసిన నక్షా పట్టుకుని వచ్చింది. పార్కు కడతారట. మంచి మనిషి, చాయ్ తాగుతూ అన్నీ చెప్పింది. వాడకంలో ఉందని రాయించుకున్నవాళ్లకు పక్కన చోటు చూపిస్తారట. చాయ్ భాయ్‌కి అందులో గేటు దగ్గర కొట్టు పెట్టుకునే డబ్బా వచ్చింది. నేను ఉండబట్టలేక మా షామియానాల సంగతి చెప్పాను. ఆమె తల పట్టుకుంది.

"అయ్యో, మరి ఆ రోజు ఖాళీ అన్నరు కదమ్మా! గోడ పక్కన చిన్న పట్టీ మిగులుతుంది. మీ నాన్నగారు తన కబ్జాల ఉండె అని ఒక్క ముక్క రాసిస్తే నేను పైకి పంపిస్త. నక్షా ఇంకా పాస్ కాలే."

ఆ సాయంత్రం మా ఇంట్లో మస్తు లొల్లి. కబ్జాకు రెండు అర్థాలున్నాయని నేను బాపుకు విడమరిచి చెప్పాను. చాయ్ భాయ్ కూడా వచ్చి గడపలో కూచున్నాడు. "అన్నా, కబ్జా బోలే తో చోరీ నై. నీ దగ్గర ఉండె అని చెప్పుడే. రాసెయ్ అన్నా, క్యా ఫికర్" అన్నాడు పాపం, తన డబ్బా వచ్చిందన్న సంతోషం కూడా దాచుకుంటూ.

అమ్మకు కోపం నషాలానికి అంటింది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు. ఈడ పూజారి ఇస్తనంటే భక్తుడే వద్దంటుండు! రాయరాదయ్యా ఒక్క ముక్క!"

ఫ్యాను గాలికి గోడమీది క్యాలెండరు కొట్టుకుంటోంది. బాపు నా వైపు తిరిగాడు.

"మాట అర్థమైంది బిడ్డా. అర్థమైనా చెయ్యి ఒస్తలేదు. నాది అని ఎట్ల రాయాలె? ఆరేసుకున్న, ఎత్తుకొచ్చుకున్న. గుడ్డ పరిచినంతసేపు నాది. ఎత్తినంక మేకలది, పోరగాండ్లది. గదంతా నా కబ్జా అని రాస్తే నేను గిన్నొద్దులు అబద్ధం ఆరేసుకున్నట్టే గద."

నాకు ఒళ్లు మండింది. ఇంత నిజాయితీ ఏం చేసుకోవడానికి అని అరవాలనిపించింది, కొంత అరిచాను కూడా. నాలుకకు నరం లేదంటారు, నాది అసలే పొడుగు. కానీ ఆ మండే ఒంట్లోనే ఎక్కడో నాకు ఆయనంటే గర్వంగా కూడా ఉంది. ఆ గర్వం మీద కూడా నాకు కోపమొచ్చింది, అన్నం పెట్టని గర్వం ఎందుకని. ఆయన రాయలేదు. నక్షా పాసైంది. జాగ చుట్టూ నీలం రేకులు లేచాయి.

ఆ వానాకాలం మా ఇల్లొక విచిత్ర లోకం. తడిసిన షామియానాలను ఇంట్లోనే తాళ్లు కట్టి వేలాడదీశాం, ఈ గోడ నుంచి ఆ గోడకు, మంచాల మీదుగా. మధ్యాహ్నం పడుకుంటే పైన ఎర్ర కప్పు, పసుపు కప్పు, బొట్లు బొట్లుగా నీళ్లు. వంటింటి పొగ, తడి నూలు వాసన కలిసి ఇల్లంతా మబ్బు పట్టినట్టుండేది. ఎవరిదో పెళ్లి పందిట్లో మేం ముగ్గురమే మిగిలిపోయామని, చుట్టాలంతా ఎప్పుడో వెళ్లిపోయారని అనిపించేది. చిన్నప్పటి రంగే అది, కానీ ఎండ లేదు దాని వెనక. కొన్నాళ్లకు నల్లమచ్చలు మొదలయ్యాయి. నేను అతుకు వేసేదాన్ని, అతుకు పక్కన చిరిగేది. దానికో అతుకు, దాని పక్కన మళ్లీ. ఒకరోజు బాపు వచ్చి నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, "ఇడ్సిపెట్టు బిడ్డా" అన్నాడు.

చాంద్రాయణగుట్ట నుంచి ఒక టెంట్ హౌస్ మనిషి ట్రాలీ ఆటో తెచ్చి పైపులు, కుర్చీలు, గంజులు తీసుకుపోయాడు. షామియానాలు మాత్రం వద్దన్నాడు. ముక్కిన గుడ్డ ఏం చేసుకుంటాం అన్నాడు, ఆ మాటా నిజమే. బాపు ఆటో వెంట గల్లీ చివరిదాకా నడిచి, తాళ్లు సరిగ్గా కట్టారో లేదో చూసి వచ్చాడు.

పార్కు బాగుంది. అబద్ధమెందుకు చెప్పాలి. సాయంత్రమైతే మొఘల్‌పురా నుంచి కూడా ఆడవాళ్లు వస్తారు, బుర్ఖాల్లో, చీరల్లో, బూట్లు వేసుకుని ట్రాక్ మీద తిరుగుతారు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయి. పెంకులన్నీ ఏరేశారు, బాపు అనుకున్నట్టే. ఆయన ఒక్కడే చాలా నెలలు అటు వెళ్లలేదు. అడిగితే ఏదో పని ఉందనేవాడు. పనేం లేదని అందరికీ తెలుసు.

మొన్న అమ్మ పోరు పడలేక మాతో వచ్చాడు. అప్పుడే చినుకులు పడి వెలిసింది. ఏటవాలు ఎండలో పార్కంతా మెరుస్తోంది, గడ్డి మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది, నడిచే మనుషులు నేలకు కాస్త పైన తేలుతున్నట్టున్నారు. చాయ్ భాయ్ డబ్బాలోంచి చేయి ఊపాడు. బాపు ట్రాక్ దిగి, గడ్డిలోకి వెళ్లి, గోడ వైపు వంగి కూచుని నేల మీద అరచెయ్యి ఆనించాడు. అక్కడే ఎండ ముందు తగిలేది, అక్కడే గుడ్డ అన్నిటికన్నా తొందరగా ఆరేది. కళ్లు మూసుకుని అట్లాగే ఉన్నాడు.

"ఓ పెద్దాయనా! గడ్డి మీదకు పోవద్దు. బోర్డు కనబడ్తలేదా?" అని గార్డు కేకేశాడు.

నాకు నోటిదాకా వచ్చింది. ఈ నేల గురించి నీకేం తెలుసని, ఈయన ఎవరో తెలుసా అని. ఒక్క అడుగు ముందుకు కూడా వేశాను. అంతలోనే బాపు లేచాడు. ప్యాంటుకు చెయ్యి తుడుచుకుని గార్డు దగ్గరికి వెళ్లాడు.

"తప్పైంది బాబూ. తెల్వలేదు. నేను ఈ జాగకు కొత్త" అన్నాడు.

తర్వాత ట్రాక్ మీదికి ఎక్కి, మా కోసం ఆగకుండా, అందరితో పాటు నడవడం మొదలుపెట్టాడు.