పది అడుగుల అడవి

ఇదొక మహాసంగ్రామ గాథ. ఒకవైపు భద్రాచలం అడవి, మరోవైపు సర్కారు, నడుమ నేను. ఇలా మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి అంత లేదు; ఒక తాత తన చేను చుట్టూ నడిచాడు, నేను టాబ్లెట్ పట్టుకుని ఆయన వెంట నడిచాను, అంతే. కొత్తగా చేరిన సర్వే పిల్లలకు డిజిటల్ పాలన ఎలా గెలుస్తుందో పది నిమిషాలు చెప్పమని నిన్న ఖమ్మం నుంచి కబురొచ్చింది. నాకు ముప్పై రెండేళ్లే గానీ, యాప్‌ల లెక్కలో పురావస్తువునే కదా.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పోడు భూములకు పట్టాలిస్తామని ఊరూరా దరఖాస్తులు తీసుకున్న రోజులు. డిగ్రీ అయిపోయి, పాల్వంచ క్వార్టర్లో నాన్న నైట్ షిఫ్టు దిగి పడుకునే పగటి నిద్రకు అడ్డం పడుతూ తిరుగుతున్న నా మెడలో ఒక కార్డు వేసి అడవిలోకి తోలారు. పద్ధతి సులువు. రైతు గట్టు వెంట నడవాలి, వెనక నేను నడిస్తే టాబ్లెట్ మీద గీత దానంతటదే పడుతుంది, చుట్టు పూర్తయితే ఆ లోపలిదంతా ఆయన భూమి.

తాత తన తండ్రి కొట్టిన పోడులో జొన్న, కంది వేసుకునే కోయ రైతు. మూడు గట్లు బాగానే నడిచాడు. నాలుగో గట్టుకు అవతల, చేనువైపు ముఖం పెట్టి, వాళ్లింటి వేల్పు రాళ్లున్నాయి. అక్కడ తాత గట్టు దిగి, రాళ్ల వెనక నుంచి అడవిలోకి మళ్లాడు.

"గట్టు మీదనే నడువు తాతా, మిషిను చూస్తంది."

"అమ్మ చేను దిక్కు చూస్తంది. ఆమె చూపుకు అడ్డం పోతమా? నీ మిషిన్నే జర ఓపిక పట్టమను."

చేన్లో కలుపు తీస్తున్న అవ్వ, తాత పెళ్లాం, తలెత్తింది. "సర్కారోళ్ల పోరడు, వానికి అమ్మేం తెల్సు? బస్సు టైం తెల్సు."

అక్షరాలా నిజం. ఆఖరి బస్సే నా మనసులో ఉంది. పది అడుగులే కదా అని ఆయన వెనకే రాళ్లు చుట్టి వచ్చి, పంపే మీట నొక్కాను.

ఆ పది అడుగులు రిజర్వు అడవిలో పడ్డాయి. టాబ్లెట్‌కు అమ్మ కనపడదు, గీతే కనపడుతుంది. ఆక్రమణ అని తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి, దరఖాస్తు మొత్తాన్నీ తిరస్కరించారు. తాత నాలుగుసార్లు భద్రాచలం ఆఫీసుకు వచ్చాడు, నాలుగుసార్లూ కంప్యూటర్లో చూసి ఎర్ర అక్షరాలు ఎర్రగానే ఉన్నాయని చెప్పాను. మరుసటి వానాకాలం అటవీ శాఖ వాళ్లు చేను చుట్టూ కందకం తవ్వి, లోపల మొక్కలు నాటారు. గుంతలు తీసే కూలికి తాతనూ పిలిచారు, పోయాడు. ఇంకో చేను లేదు మరి. ఆ కూలి మాత్రం ఒక్క రోజు ఆలస్యం లేకుండా ఆన్‌లైన్లో పడింది. డిజిటల్ పాలన గెలవడం నేను కళ్లారా చూసింది అదొక్కసారే. ఆ మొక్కలు మోకాలెత్తు రాకముందే తాత పోయాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో టవరుంది, అవ్వ చేతిలో ఫోనుంది, దరఖాస్తు ఎక్కడ ఆగిందో మంచం మీద కూర్చునే తెలుసుకోవచ్చు. ఎందుకలా మళ్లావు తాతా అని అడిగి రాసుకునే మనిషే లేడు; అప్పుడు ఆ మనిషిని నేను కాలేకపోయాను, ఇప్పుడు ఆ ఉద్యోగమే లేదు.

ప్రసంగం కోసం పొద్దున పాత శిక్షణ పుస్తకం తిరగేశాను. పంపే ముందు గీతను వేలితో జరిపి సరిచేసుకోవచ్చట. తెర మీద ఎడమవైపు, పైన, పెన్సిల్ బొమ్మ నొక్కాలి.