గొడవల డాక్టరు

ఆ ఊపిరితిత్తుల డాక్టరుగారికి ఒక్కటే బలహీనత: గొడవ పెట్టుకోందే మందు రాయలేరు. వచ్చినవాడు వడ్రంగి అయితే ఆస్పత్రి కుర్చీ కిర్రుమనడం అతని తప్పే. పంతులమ్మ అయితే ఈయనకు లెక్కలు రాకపోవడం ఆవిడ తప్పే. వరండాలో కూర్చున్నవాళ్లు లోపలి కేకలు వింటూ, తమ వంతు వచ్చేలోగా జవాబులు సిద్ధం చేసుకునేవారు.

మొదటిసారి వచ్చిన కండక్టరమ్మకు ఈ సంగతి తెలియదు. బస్సు ఈ చివర కేకేస్తే ఆ చివర నిద్రపోయేవాడు ఉలిక్కిపడి, తనది కాని స్టాపులో దిగిపోయేంత గొంతు ఆవిడది. ఏళ్లుగా కీళ్లవాతం. ఇప్పుడు పొడిదగ్గు, నాలుగడుగులేస్తే ఆయాసం.

"బస్సులో పనా? మీ బస్సులు స్టాపు దాటాకే ఎందుకాగుతాయమ్మా?" అన్నారు డాక్టరు, ఆవిడింకా కూర్చోకముందే.

ఆవిడకు ఒళ్లు మండింది. "మీరు స్టాపులో నిలబడకుండా నీడ వెతుక్కుంటూ పోతే... మా డ్రైవరు..."

ఆయాసంతో మాట సగంలో తెగిపోయింది.

డాక్టరు టక్కున నోరు మూసుకున్నారు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశారు. స్కాను తీయించారు.

"కీళ్లను పీడిస్తున్న జబ్బే ఊపిరితిత్తుల్లోకీ దిగిందమ్మా. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారితప్పి మీ మీద పడుతోంది. దాన్ని శాంతపరిచే మందులిస్తాను. ఊపిరితిత్తుల మీద ఇప్పటికే పడ్డ మచ్చలు చెరపలేను, కొత్తవి పడకుండా చూద్దాం. జ్వరమొస్తే మాత్రం పరిగెత్తుకు రావాలి."

"పరిగెత్తగలిగితే మీ దగ్గరికెందుకొస్తాను?"

"భేష్! అలా అడగండి!"

అప్పట్నుంచి వచ్చినప్పుడల్లా యుద్ధమే. మందులు పనిచేస్తున్నకొద్దీ ఆవిడ తిట్లు పొడుగయ్యాయి. ఇది చూడలేకపోయాడు, ఆవిడకు తోడుగా వచ్చే భర్త. ఒకరోజు ఆవిడ బయటికి నడవగానే ఆయన లోపలే ఆగిపోయాడు. గుమ్మం అవతల చెప్పులేసుకుంటున్న కండక్టరమ్మ చెవులు రిక్కించింది.

"డాక్టరుగారూ, మా ఆవిడతో గొడవపడకండి. ఆయాసపడుతుంది. ఇంట్లో మేం ఎవరం ఎదురు చెప్పం. ఏమన్నా సరేనంటాం."

"ఎప్పట్నుంచి?"

"జబ్బు బయటపడ్డప్పట్నుంచి."

డాక్టరుగారి గొంతు మొదటిసారి మెత్తబడింది. "అయితే ఇన్నాళ్లూ ఆవిణ్ణి మనిషిలా చూసింది నేనొక్కణ్ణేనా? ఊపిరి ఎంతుందో పరీక్ష చెబుతుందండీ. పోట్లాడే ఓపిక ఇంకా ఉందని ఆవిడకు ఎవరు చెప్పాలి? మందుల సంగతి నేను చూస్తా, రెండోది మీరు చూడండి."

కండక్టరమ్మ గబగబా కళ్లు తుడుచుకుని, ఏమీ విననట్టు నిలబడింది.

రోడ్డెక్కాక భర్త గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. చివరికి ధైర్యం చేశాడు.

"నిన్న కూరలో ఉప్పెక్కువైంది."

"నిన్న కూర వండింది మీరు!"

"అయితే మాత్రం? ఉప్పు డబ్బా మూత వదులుగా పెట్టిందెవరట?"

అంతే, కండక్టరమ్మ అందుకుంది. పెళ్లైన కొత్తలో ఆయన మాడ్చిన గిన్నె దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే కడిగేసింది. మలుపు దగ్గర ఆయాసమొచ్చింది. గోడకు చెయ్యానించి, రెండో చేత్తో ఆయన్ని ఆపింది.

"కదలకండి... ఇంకా అయిపోలేదు."

ఆయన బుద్ధిగా నిలబడ్డాడు. నవ్వు బయటపడితే తంటా అని తలొంచుకున్నాడు.