ఎనిమిదో నంబరు బస్సులో పుట్టినరోజు

కండక్టరమ్మకు సెలవు దొరకలేదు. దరఖాస్తులో కూతురి పుట్టినరోజని ఉన్నదున్నట్టు రాసింది కాబట్టే దొరకలేదని డిపోలో అందరూ తేల్చేశారు. ఒళ్లు వెచ్చబడిందని రాసి ఉంటే ఈపాటికి సంతకం అయిపోయేదట. కానీ ఆమె రోజంతా జనం చెప్పే అబద్ధాలు వినే మనిషి. మీసాలొస్తున్న కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని వీడికింకా ఐదు నిండలేదనే తల్లుల్ని చూసీ చూసీ, తాను ఒక్క అబద్ధం ఆడాలన్నా నోరు తిరిగేది కాదు.

కూతురికి ఏడేళ్లు నిండబోతున్నాయి. ఒకచోట నిలవదు, నోటికి తాళం ఉండదు, అందుకే ఇంట్లో పిచ్చుక అని పేరు పడింది. ఈ మధ్య క్లాసులో ఒక పిల్ల పుట్టినరోజుకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ పిచ్చుక ఎవరినీ బతకనివ్వడం లేదు. అక్కడ హాలు నిండా బుడగలట. ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషొకడు వచ్చి అందరి చేతా డాన్సు చేయించాడట.

"మనకీ ఎలుగుబంటి కావాలి," అంది పిచ్చుక.

తండ్రి దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. చవగ్గా పని జరగాలంటే తానే దిగాలని ఆయన నమ్మకం. గోధుమ రంగు రగ్గు కప్పుకుని, చెవుల కోసం నెత్తిమీద రెండు కాగితపు కప్పులు కట్టుకుని, గది మధ్యలో నిలబడి గుర్రుమన్నాడు. పిచ్చుక ఆయన్ని పరీక్షగా చూసింది.

"నాన్నా, నీకు చలిజ్వరం వచ్చినట్టుంది."

ఎలుగుబంటి కథ అలా కంచికి పోయింది. హాలు కథ అంతకంటే ముందే పోయింది. ఆలుమగలిద్దరూ వెళ్లి అడిగితే హాలాయన కుర్చీలకు విడిగా, లైట్లకు విడిగా, ఊడ్చినందుకు విడిగా అని చెప్పుకుంటూ పోయాడు. గాలి ఒక్కటే ఉచితం, అదీ ఫ్యాను వేయకపోతే. ఇంట్లో చేద్దామంటే కింది వాటాలో ఇంటి యజమాని ఉంటాడు. పైన చెంచా జారిపడితే చాలు, చీపురుకర్రతో తన ఇంటి కప్పును పొడుస్తాడు. బడి పిల్లలంతా వచ్చి గెంతితే కప్పుకు కన్నం పెట్టుకుని పైకి వచ్చినా వస్తాడు.

"అంతమందిని పిలవడం ఎందుకమ్మాయ్? పుట్టింది ఒక్కతేగా," అంది అత్తగారు.

అత్తగారికి జవాబు చెప్పడం కండక్టరమ్మకు పెళ్లయిన కొత్తలోనూ రాలేదు, ఇప్పుడూ రాదు. బస్సులో ఎంత గొంతున్నా ఇంటి గడప దాటగానే అది ఎక్కడో దిగిపోతుంది.

ఆలోచన మాత్రం బస్సులోనే తట్టింది. ఎనిమిదో నంబరు ఊరంతా చుట్టి బయల్దేరిన చోటికే వచ్చి ఆగుతుంది. బడులు వదిలాక, ఆఫీసులు వదలక ముందు ఒక ట్రిప్పు ఉంది. అందులో సీట్లన్నీ ఆవులిస్తూ ఉంటాయి. కిటికీలున్నాయి, గాలుంది, కుర్చీలకు విడిగా ఇవ్వక్కర్లేదు. పిల్లలకు అర టికెట్లు తీస్తే సరి. తాను డ్యూటీలోనే ఉంటుంది, కూతురి పుట్టినరోజులోనూ ఉంటుంది.

డ్రైవరును అడగాలి. ఆయన మాటలు కూడా డీజిలులాగే పొదుపుగా వాడతాడు.

"అన్నా, మా పాప పుట్టినరోజు మన బస్సులో చేసుకుంటే మీకేమైనా ఇబ్బందా?"

ఆయన టీ గ్లాసు ఖాళీ చేసి, ఇంకా కాసేపు గ్లాసు అడుగులోకి చూశాడు. "హోల్డాన్ అంటే ఆపుతా. రైట్ అంటే పోతా. వెనక ఏం జరుగుతుందో నాకు తెలీదు," అన్నాడు.

ఆ రోజు వచ్చింది. పెయింటరు బస్టాపులో పిల్లల్ని వరసగా నిలబెట్టి, చేతిలో కేకు డబ్బా, భుజాన బిస్కెట్ల సంచితో చెమటలు కక్కుతూ ఎక్కాడు. వెనక అత్తగారు పట్టుచీర కట్టుకుని పెళ్లికి వచ్చినట్టు ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో విశాలంగా కూర్చుంది. పిల్లలంతా తలో టికెట్టు తీసుకున్నారు. పెయింటరు తీసుకున్నాడు. కండక్టరమ్మ మిషను పట్టుకుని అత్తగారి ముందు ఆగింది.

"అత్తయ్యా, టికెట్టు."

"నాకా?" అంది అత్తగారు, నవ్వి, కిటికీ వైపు తిరిగి. "బాగుంది సంబడం. వెళ్లు, వెళ్లి పిల్లల్ని చూసుకో."

వెళ్లింది. నలుగురిలో ఇంకోసారి అడగడానికి మనసొప్పలేదు. తర్వాత తన డబ్బులతో తానే కొట్టేద్దామనుకుంది. ఆ తర్వాత ఆ సంగతి ఎక్కడ గుర్తుంటుంది.

బస్సులో మంట పనికిరాదు గనుక పెయింటరు కాగితాలకు నారింజ రంగు వేసి కొవ్వొత్తుల మంటలు చేశాడు. పిచ్చుక ఊదేలోపే కిటికీ గాలికి అవి ఎగిరి, నిద్రపోతున్న పాలవాడి జుట్టులో చిక్కుకున్నాయి. పిల్లలు కేకును వదిలి పాలవాణ్ణి ఊదారు. ఆయన లేచి, తనకెందుకు చప్పట్లు కొడుతున్నారో తెలియక దణ్ణం పెట్టాడు. రోజూ ప్రయాణికుల ఎముకలు లెక్కపెట్టే ఆ బస్సు, ఆ పూట పచ్చి బాలింతను తీసుకెళ్తున్నట్టు గుంతల్ని తప్పుకుంటూ పోయింది. డ్రైవరుకు వెనక ఏం జరుగుతోందో తెలియదు కాబట్టి, అది కేకు కోసమే అని చెప్పడానికి లేదు.

కుర్చీలాట మొదలైంది. బుడగ కట్టిన సీట్లే ఆటలో లెక్క, ఆటకోసారి ఒక బుడగ విప్పేస్తారు. బస్సు ఆగినప్పుడు పిల్లలు లేచి తిరగాలి, కండక్టరమ్మ చప్పట్లు ఆపగానే దొరికిన బుడగ సీట్లో కూర్చోవాలి. మిగిలినవాళ్లు అవుటు. కూరగాయల సంచి ఆవిడొకరు తానూ ఆడతానని లేచింది. ఆఖరికి ఒక సీటూ, పిచ్చుకా, ఇంకో పిల్లా మిగిలారు. సరిగ్గా అప్పుడు ఒక లావుపాటి పెద్దమనిషి ఎక్కి, రొప్పుతూ వచ్చి, ఆ సీట్లో కూలబడ్డాడు.

బస్సంతా గొల్లుమంది. ఆట నియమం ప్రకారం ఆయనే గెలిచాడని కూరగాయలావిడ పట్టుబట్టింది. పెయింటరు బహుమతిగా పెట్టిన రంగు పెన్సిళ్ల డబ్బా ఇస్తే, పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని, "నేను చిన్నప్పటి నుంచి ఏదీ గెలవలేదమ్మా," అని నిజంగానే జేబులో పెట్టుకున్నాడు. పిచ్చుక మొహం చూసి, పెట్టుకున్నంత నెమ్మదిగా మళ్లీ తీసి ఇచ్చాడు.

మార్కెట్టు స్టాపులో చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఎక్కాడు.

కండక్టరమ్మ చేతికి క్రీము ఉంది. ఆయన పిల్లల దగ్గర మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ టికెట్టును మెడల్ లాగా ఎత్తి చూపించారు. పెయింటరు చూపించాడు. కూరగాయలావిడ చూపించింది. ఇన్‌స్పెక్టరు నడుచుకుంటూ ముందుకు వచ్చాడు.

"అమ్మా, టికెట్టు?"

"ఇది మా కోడలి బస్సు," అంది అత్తగారు.

"కోడలు ఎక్కడ?"

"అదిగో. చేతినిండా కేకుతో."

ఆయన తిరిగి చూశాడు. "ఏమ్మా, ఇవ్వలేదా?"

నేను కొట్టడం మరిచిపోయాను అంటే సగం నిజం. అడిగితే తీసుకోలేదు అంటే అత్తగారి పరువు. ఒక క్షణం తాను బస్సులో ఉందో ఇంట్లో ఉందో కండక్టరమ్మకే తెలియలేదు. చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని సంచిలోంచి ఫైను పుస్తకం తీసింది.

"అడిగాను సార్. తీసుకోలేదు. రెండోసారి అడక్కపోవడం నా తప్పు, నా మీద రిపోర్టు రాయండి. అత్తయ్యా, మీరు ఫైను కట్టాలి."

పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. పెయింటరు బుడగ ఊదుతూ ఊదుతూ ఆగిపోయాడు. అత్తగారు కోడల్ని కింది నుంచి పైదాకా, కొత్తగా ఇంటికి వచ్చినదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత రొంటిన దోపుకున్న చిన్న పర్సు తీసి, డబ్బు ఇచ్చి, చెయ్యి చాచే ఉంచింది.

"రసీదు."

రసీదు మడిచి పర్సులో పెట్టుకుంది. అప్పుడు పెద్ద కేకు ముక్క ఒకటి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి, "తినండి నాయనా. దీనికి టికెట్టు అక్కర్లేదు," అంది. ఆయన డ్యూటీలో తినకూడదంటూనే రెండు స్టాపుల దూరం తిన్నాడు. ఆయన రిపోర్టు కూడా రాశాడు. క్రీము మరక అంటిన ఆ కాగితం చదివి డిపో మేనేజరు కండక్టరమ్మను పిలిపించి, గట్టిగా మందలించి, నవ్వు ఆపుకోలేక దగ్గి పంపేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు కోడలి చేత వడ్డించుకోకుండా కూర తానే వేసుకుంది. చివరికి కండక్టరమ్మ మజ్జిగ పోస్తూ, "కోపమా అత్తయ్యా?" అంది.

"కోపమెందుకే. ఇన్నేళ్లకు నా మొహం మీద ఒక మాట అన్నావు. అదీ ఊరందరి ముందు." అత్తగారు గ్లాసు ముందుకు జరిపింది. "ఇంకొంచెం పొయ్యి."

ఆ మర్నాటి నుంచి ఆవిడ ఏ బస్సెక్కినా కూర్చోకముందే టికెట్టు తీసుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్లు తీశారో లేదో కూడా కనుక్కుంటుంది. ఎనిమిదో నంబరులో అయితే మీసాల కొడుకులున్న తల్లుల దగ్గరికి స్వయంగా వెళ్లి, వాడి వయసెంతో వాడినే అడుగుతుంది.